గోపీ పక్క సీటు

అక్టోబరు 16, బుధవారం

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. డెబ్బై ఆరేళ్ళొచ్చాక మనిషికి కొత్తగా రాసుకోవడానికి ఏముంటుంది, మందులు వేసుకున్నానా లేదా అన్నది తప్ప. అది చెప్పడానికి వారాల పేర్లున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంది. కానీ మధ్యాహ్నం కునుకు తీద్దామంటే గోపీ భార్య సరోజ మాటలే చెవిలో తిరుగుతున్నాయి. రాస్తే వదులుతాయేమోనని చూస్తున్నాను.

గోపీ వాళ్ళింటికి టికెట్లు చూడ్డానికి వెళ్ళాను. ఆస్టిన్‌లో ఈ శనాదివారాల్లో కార్ల రేసు. గోపీ కూతురు ఇషా తండ్రి పుట్టినరోజుకని మూడు టికెట్లు కొనిపెట్టింది. గోపీకి, నాకు, జగన్మోహన్‌కి. గోపీ మేడమీద టోపీ వెతుక్కుంటుంటే, సరోజ వంటింట్లోకి పిలిచింది. చేతిలో చాకు, ముందర పచ్చిమిరపకాయలు. తలెత్తకుండానే అడిగింది.

"అన్నయ్యగారూ, ప్రతి శుక్రవారం మీరు ఆయన పక్కనే కూర్చుంటారు. ఆయన బండి ఎలా నడుపుతున్నారు?"

"బాగానే నడుపుతాడమ్మా" అన్నాను.

"మొన్న మెయిల్‌బాక్స్ గుద్దారు. గుడి పార్కింగ్‌లో వెనక్కి తీయబోయి ముందుకి పోనిచ్చారు. డాక్టర్ టెస్టులంటే డిసెంబర్ దాకా డేట్ లేదు. అప్పటిదాకా మానేయండి నాన్నా అని ఇషా ఏడ్చినంత పని చేసింది. వినరు. చివరికి ఏమన్నారో తెలుసా? 'దివాకర్‌ని అడగండి, వాడు మానెయ్యమంటే మానేస్తా' అన్నారు."

"నన్నా?"

"మిమ్మల్నే. ఆస్టిన్ దాకా వెళ్ళొస్తారుగా. చూసి, వచ్చాక నిజం చెప్పండి. మీరు ఏమంటే అదే."

మిరపకాయల ఘాటుకి కళ్ళ నీళ్ళొచ్చాయి. అందుకే.

నా మాట మీద ఎవరి జీవితమూ ఇంతవరకూ నడవలేదు. నాకు చదువు లేదు. ఎస్సెస్సెల్సీ దాకా వచ్చి ఆగింది. అక్కయ్య కాగితాలు పెడితే అమెరికా, ఈ డాలస్ వైపు వచ్చాను. ఇర్వింగ్‌లో వీడియో క్యాసెట్లూ కంది పప్పూ కలిపి అమ్మాను. లైబ్రరీ వాళ్ళు పాత ఎన్‌సైక్లోపీడియా పారేస్తుంటే తెచ్చుకుని, షాపులో బేరం లేనప్పుడు చదివాను. అందులో జె అక్షరం సంపుటం లేదు. అందుకని జపాన్ గురించి నాకిప్పటికీ సరిగ్గా తెలియదు. గోపీ అప్పట్లో మత్తు డాక్టరు. ఆస్పత్రి నుంచి అలాగే వచ్చి బెండకాయలు ఒక్కొక్కటీ తోక విరిచి చూసేవాడు. నేను వద్దనేవాణ్ణి, వాడు విరిచేవాడు. స్నేహం అలా మొదలైంది.

ఒక సంగతి ఇక్కడే ఒప్పుకోవాలి. గుండెకి బైపాస్ అయినప్పటి నుంచి నేను హైవే ఎక్కను. జగన్‌కి కంట్లో ఇంజెక్షన్లు, వాడు అసలు నడపడు. శుక్రవారం ప్లేనోలో జగన్ ఇంట్లో పేకాటకి గోపీ కారే నాకు గతి. వాడి కారు ఆగితే నా కాళ్ళూ ఆగుతాయి. ఇంతమందిలో వీళ్ళకి దొరికిన న్యాయమూర్తిని నేను.

అక్టోబరు 17, గురువారం

గోపీ ఫోన్ చేసి రేపు పొద్దున్నే రెడీగా ఉండమన్నాడు. కాసేపాగి మళ్ళీ చేసి అదే చెప్పాడు. డాక్టర్లకి ఒకటికి రెండుసార్లు చెప్పడం అలవాటు.

అక్టోబరు 18, శుక్రవారం. ఆస్టిన్, హోటల్

క్షేమంగా వచ్చాం. ముందు ఆ మాట రాసుకోనీ.

గోపీ బాగానే నడిపాడు. డాలస్ ట్రాఫిక్ దాటడం వాడికి వెన్నతో పెట్టిన విద్య. వేక్సహాచీ దాకా షోలవరం కథ చెప్పాడు. మెడికల్ కాలేజీ రోజుల్లో గుంటూరు నుంచి రైలెక్కి మద్రాసు వెళ్ళి, షోలవరంలో పాత విమానాల రన్‌వే మీద రేసులు చూశాడట. ఎర్ర కారు మలుపులో అదుపు తప్పి గడ్డివాముల్లోకి దూరడం, డ్రైవరు దిగి ముందుగా తల దువ్వుకోవడం, అన్నీ నిన్న చూసినట్టు చెప్పాడు. యాభై ఏళ్ళ కిందటి గడ్డి రంగు గుర్తున్నవాడికి మతిమరుపేమిటి?

పెట్రోలుకి వెస్ట్ అనే ఊళ్ళో ఆగాం. పేరు వెస్టే గాని ఆ ఊరు టెక్సాస్‌కి పడమరన లేదు, నడిమధ్యన ఉంది. చెక్ దేశం నుంచి వచ్చిన వాళ్ళు కట్టుకున్న ఊరు. రొట్టె మధ్యలో పండ్ల గుజ్జు పెట్టి కొలాచీ అని అమ్ముతారు. చెక్‌ల గురించి నాకు బాగా తెలుసు, సి సంపుటం ఉంది.

పెట్రోలు కొట్టించుకుని బయటికి వచ్చాం. అక్కడ హైవేకి ఆనుకుని ఫ్రంటేజ్ రోడ్డు ఉంటుంది. ఒకవైపే వెళ్ళాలి. కుడికి తిప్పాలి. గోపీ ఎడమకి తిప్పాడు.

ఒక క్షణం నాకూ తోచలేదు. తర్వాత ఎదురుగా తెల్లటి పికప్ ట్రక్కు కనిపించింది, లైట్లు కొడుతూ. గోపీ మొహంలో ఏ కంగారూ లేదు. "చూశావా, ఇక్కడివాళ్ళకి మర్యాద ఎక్కువ. పలకరిస్తున్నాడు" అన్నాడు.

వెనక సీట్లోంచి జగన్ గొంతు. "డాక్టర్ సాబ్, జర మెల్లగ పోనియ్యి, ఆ ఆవులు మంచిగున్నయ్, చూద్దాం."

ఆవులు! చావు ఎదురుగా వస్తుంటే వాడికి ఆవులు గుర్తొచ్చాయి. సరే, నేనేమన్నానో అదీ రాస్తాను. 'ఒరేయ్, రాంగ్ సైడ్' అనలేదు. నోటి దాకా వచ్చింది. ముప్పై ఏళ్ళ స్నేహితుణ్ణి, డాక్టర్ని, వాడి కార్లో కూర్చుని అలా ఎలా అంటాం? "గోపీ, కాఫీ తాగాలనుంది, అదిగో బేకరీ, లోపలికి తిప్పు, ఇప్పుడే, ఇప్పుడే" అన్నాను.

తిప్పాడు. ట్రక్కు హారన్ మోగిస్తూ మా వెనక నుంచి పోయింది. కారు ఊగింది.

ముగ్గురం కాఫీ తాగాం. నాకు కాఫీ పడదు, ఎసిడిటీ. జగన్ షుగర్ పేషెంటు, అయినా కొలాచీ తిన్నాడు. గుజ్జు చొక్కా మీద పోసుకున్నాడు. ఎవరూ ట్రక్కు సంగతి ఎత్తలేదు. గోపీ ఒక్కడే హాయిగా తిన్నాడు. "మంచి చోట ఆపించావురా" అన్నాడు. బాత్రూమ్‌లో చేతులు కడుక్కుంటూ జగన్ అన్నాడు.

"దివాకరన్నా, నువ్వు కాఫీ అనకపోతే ఏమైతుండె?"

"నువ్వు అరవొచ్చుగా."

"నేనెట్ల ఒర్రుతనే? మా అమ్మాయి పెండ్లికి అంత పెద్ద గిఫ్ట్ ఇచ్చిండు ఆయన."

ఇదీ మా సంగతి. మన తెలుగువాళ్ళు మొహమాటానికి పోయి తినకూడనివి తింటారు, పెళ్ళిచూపుల్లో నచ్చనివాటికి తల ఊపుతారు. ఈ మూడు శవాల మీద మాత్రం చావుకి కారణం మొహమాటమని రాయాల్సి వచ్చేది.

తర్వాత వేకో, టెంపుల్ అనే ఊళ్ళన్నీ చక్కగా దాటించాడు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఎండ కూడా కళ్ళల్లో పడుతోంది. టెక్సాస్ వాళ్ళు బోర్డులు సరిగ్గా పెట్టరు.

అక్టోబరు 19, శనివారం

రాత్రంతా తెల్ల ట్రక్కు.

పొద్దున గోపీ తాళాలు తీసుకుని లిఫ్ట్ దగ్గర నిలబడ్డాడు. "అక్కడ పార్కింగ్ దొరకదట, షటిల్ బస్సులున్నాయట" అన్నాను. ఎవరు చెప్పారన్నాడు. కింద రిసెప్షన్ అమ్మాయి చెప్పిందన్నాను. ఆ అమ్మాయితో నేను గుడ్ మార్నింగ్ కూడా అనలేదు. నిజంగానే షటిల్ ఉంది. అబద్ధం చెబితే అది నిజమై నించోవడం నా జీవితంలో ఇదే మొదలు.

గేటు దగ్గర సరోజ ఇచ్చిన గోంగూర పచ్చడి సీసా పట్టుకున్నారు. గాజు సీసాలు కుదరవట. జగన్ అక్కడి గార్డుకి తన ఇంగ్లీషులో, "సర్, ఇది బాంబు కాదు, దీనికంటే పవర్‌ఫుల్" అన్నాడు. నేను వాడి కాలు తొక్కాను. గార్డు నవ్వాడు గాని సీసా ఇవ్వలేదు.

కార్లు వచ్చాయి. చెవి మిషన్ తీసి జేబులో వేసుకున్నాను. అయినా రొమ్ములోంచి వినబడింది. రేసు చూడ్డమంటే మన పెళ్ళి చూడ్డం లాంటిదే. ముహూర్తానికి అందరూ లేచి నిలబడతారు, ముందువాడి వీపు తప్ప ఏమీ కనపడదు, ఏం జరిగిందో వీడియోవాడి టీవీలో చూసి తెలుసుకోవాలి. ఇక్కడా పెద్ద తెర పెట్టారు. నేను తెర కూడా చూడలేదు. గోపీని చూస్తూ కూర్చున్నాను.

వాడేమో పాఠం చెబుతున్నాడు. మెత్తటి టైరు ఎందుకు తొందరగా అరుగుతుంది, మలుపులోకి వెళ్ళేముందు బ్రేకు ఎక్కడ తొక్కాలి, అన్నీ. వెనక కూర్చున్న అమెరికన్ కుర్రాళ్ళు కూడా వాణ్ణే అడుగుతున్నారు. వాడి వెలుగు చూస్తే సరోజ అనవసరంగా భయపడుతోందనిపించింది. అలా అనిపించినందుకు నాకు సంతోషమేసింది. ఆ సంతోషం మీద అనుమానం వచ్చింది.

అక్టోబరు 20, ఆదివారం

రేసు అయిపోయింది. ఎవరు గెలిచారో నన్నడక్కూడదు.

జనం లేచి మెట్లు దిగుతున్నారు. గోపీ లేవలేదు. టోపీ సర్దుకుని, బైనాక్యులర్స్ తుడుచుకుని, నా వైపు తిరిగి అడిగాడు.

"ఇంకా మొదలెట్టలేదేమిట్రా?"

జగన్ నన్ను చూశాడు. నేను జగన్‌ని చూశాను. కింద కాగితాలు ఊడుస్తున్నారు.

గోపీ మా ఇద్దర్నీ చూసి నవ్వేశాడు. "భయపడ్డారా? జోక్ చేశా" అన్నాడు.

జోకే. వాడికి అలాంటి జోకులు అలవాటు.

వాడికి అలాంటి జోకులు అలవాటే.

అక్టోబరు 21, సోమవారం. ఇల్లు

తెల్లారింది, తిరుగు ప్రయాణం. షటిల్ బస్సు ఇర్వింగ్ దాకా రాదు. టిఫిన్ దగ్గర గుడ్డు ఒలుస్తూ ఆలోచించాను. ఒలవడం అయింది, ఆలోచన కాలేదు. చివరికి ఇలా అన్నాను.

"గోపీ, ఇన్నేళ్ళలో నీ కారు నాకొక్కసారీ ఇవ్వలేదు. ఇవాళ సరదాగా నేను నడుపుతా."

"నువ్వు హైవే ఎక్కవుగా."

"హైవే కాకుండా పోదాం. లోపలి రోడ్లు చూడ్డానికి బాగుంటాయట."

వాడు చాలాసేపు నా మొహంలోకి చూశాడు. ఆపరేషన్ ముందు రోగి కళ్ళు చూసే చూపు. ఆ చూపుతోనే బతికాడు వాడు, ఎవరికెంత మత్తు కావాలో తేల్చుకుని. తాళాలు బల్ల మీద పెట్టాడు.

అలా లాంపాసస్, హామిల్టన్ మీదుగా వచ్చాం. మూడున్నర గంటల దారి పొద్దంతా పట్టింది. చేతులు స్టీరింగ్‌కి అంటుకుపోయాయి. వెనక నుంచి ట్రక్కులన్నీ తిట్టుకుంటూ దాటుకుపోయాయి. ఒక ట్రాక్టరు కూడా దాటింది. "దివాకరన్నా, ఆ ట్రాక్టరాయన చేయి ఊపిండు, నువ్వు గూడ ఊపు" అన్నాడు జగన్. ఈసారి నిజంగానే ఆవులు చూశాం. బోలెడు. జగన్ నిద్రపోయాక గోపీ అన్నాడు, కిటికీలోకి చూస్తూ.

"సరోజ నీకేదో పని అప్పగించింది కదా."

"పనేమిటి?"

"ఏం చెబుతావ్?"

"ముందు ఆ స్పీడ్ లిమిట్ బోర్డు ఎంతో చదివి చెప్పు" అన్నాను.

చదివి చెప్పాడు. మళ్ళీ అడగలేదు.

ఇంటి దగ్గర మేం దిగాక సరోజ గుమ్మంలోకి వచ్చింది. గోపీ డిక్కీలోంచి బ్యాగులు తీస్తున్నాడు, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. సరోజ చప్పుడు లేకుండా పెదాలతోనే అడిగింది. ఎలా నడిపారు?

"బ్రహ్మాండంగా నడిపాడమ్మా" అన్నాను.

గోపీ బ్యాగు పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. తర్వాత లోపలికి వెళ్ళిపోయాడు.

అక్టోబరు 22, మంగళవారం

నేనన్నది పూర్తిగా అబద్ధం కాదు. ఇర్వింగ్ నుంచి ఆస్టిన్ దాకా వాడే నడిపాడు. అందులో చెడ్డది ఒక్క నిమిషం. మిగతాదంతా బ్రహ్మాండమే. మనం మనుషుల్ని లెక్క కట్టేటప్పుడు మంచే ఎక్కువ చూడాలి. పైగా వాడు వింటున్నాడు. వాడి ఎదురుగా ఏం చెప్పమంటారు? డిసెంబర్‌లో టెస్టులు ఉండనే ఉన్నాయి. డిసెంబర్ ఎంతలోకి వస్తుంది.

శుక్రవారం పేకాట ఉందని జగన్‌కి చెప్పాను. "ఎట్లొస్తరు?" అన్నాడు. "ఎప్పటిలాగే" అన్నాను.

ఎవరిని అడుగుతున్నాను ఇక్కడ ఏం చెప్పమంటారు అని? ఇది చదివేది నేనొక్కణ్ణే.

అక్టోబరు 23, బుధవారం

ఇషా ఫోన్ చేసింది. ఇక్కడ పుట్టిన పిల్ల, అయినా నాతో తెలుగే మాట్లాడుతుంది. ఆ మాటంటే నాకు ప్రాణం.

"అంకుల్, థాంక్ యూ సో మచ్. అమ్మ చెప్పింది, డాడీ డ్రైవింగ్ ఓకే అని మీరు అన్నారు అని. నేను చాలా వర్రీ అయ్యాను."

"అలాగా అమ్మా."

"రేపు నుంచి నైనికని స్కూల్ నుంచి డాడీ పికప్ చేస్తాడు. నాకు ఆఫీస్‌లో పెద్ద రిలీజ్ ఉంది, నెల మొత్తం. డాడీ సో హ్యాపీ, అంకుల్. కార్ సీట్ కూడా ఆయనే ఫిక్స్ చేశాడు."

ఇషా కూతురు నైనికకి ఆరేళ్ళు. ముందు పళ్ళు రెండూ ఊడాయి. నన్ను చూస్తే ఖాళీ చిగుళ్ళు చూపించి నవ్వుతుంది.

"సరేనమ్మా" అన్నాను.

సరేనమ్మా అన్నాను.

అన్నం పెట్టుకుని మళ్ళీ గిన్నెలో వేసేశాను. చారు పొయ్యి మీద మరిగి మరిగి అడుగంటింది.

అక్టోబరు 24, గురువారం

పొద్దున్నే వెళ్ళాను. గరాజ్ తలుపు ఎత్తి ఉంది. గోపీ వెనక సీటు అద్దం తుడుస్తున్నాడు. లోపల చిన్న కార్ సీటు, దాని మీద బొమ్మ కుందేలు.

"రా రా. ఇవాళ నాకు డ్యూటీ ఉంది తెలుసా?" అన్నాడు.

దారిలో చాలా వాక్యాలు కట్టుకున్నాను. వయసుతో మొదలెట్టి, మనందరికీ అంటూ, కళ్ళూ మోకాళ్ళూ మీదుగా తీసుకొచ్చి, మెల్లగా దింపుదామనుకున్నాను. షాపు నడిపినవాణ్ణి, మాట చుట్టడం తెలుసు. అక్కడ ఆ కుందేలు చూసేసరికి ఒక్కటీ రాలేదు.

"గోపీ, నువ్వు కారు నడపకు."

వాడి చెయ్యి అద్దం మీద ఆగింది.

"ఇవాళేనా?"

"ఇక నడపకు. మొన్న వెస్ట్‌లో రాంగ్ సైడ్ వెళ్ళావు. ఆ ట్రక్కువాడు పలకరించలేదు. చచ్చిపోయేవాళ్ళం. నాకు కాఫీ పడదు."

గుడ్డ మడత పెట్టాడు. మళ్ళీ విప్పి మళ్ళీ మడత పెట్టాడు.

"కాఫీ నీకు పడదని నాకు తెలుసురా. నీకు ఎసిడిటీ మందు రాసిందెవరు?"

"మరి అప్పుడే అడగలేదే?"

"అడిగితే నువ్వు చెప్పేసేవాడివి." కాసేపాగి, "ట్రక్కు సంగతి గుర్తు లేదు. నువ్వు కాఫీ తాగుతుంటే మాత్రం ఏదో చేశాననిపించింది. ఏం చేశానో తెలియలేదు. మూడు రోజులు అదే వెతుక్కున్నా" అన్నాడు.

నేను కార్ సీటు మీద కుందేలుని సరిగ్గా కూర్చోబెట్టాను.

"మొన్న గుమ్మంలో బ్రహ్మాండం అన్నావే?"

"నువ్వు వింటున్నావని."

"నేను విన్నందుకు పిల్లని నా చేతికిచ్చారు" అన్నాడు. కోపం లేదు గొంతులో. ఉంటే బాగుండేది.

లోపలికి తలుపు తీసి, "సరోజా, మధ్యాహ్నం నైనిక దగ్గరికి నువ్వెళ్ళు" అని కేకేశాడు. సరోజ బయటికి వచ్చింది. తడి చేతులు చీరకి తుడుచుకుంటూ ముందు వాణ్ణి, తర్వాత నన్ను చూసింది. ఎందుకని అడగలేదు. నిజం చెప్పండి అని అడిగిన మనిషి. అన్నయ్యగారూ అని పిలవలేదు, కూర్చోమనలేదు. గోపీ జేబులోంచి కారు తాళాలు తీసి, ఎవరికీ ఇవ్వకుండా పట్టుకుని నిలబడ్డాడు. నేను వచ్చేశాను.

అక్టోబరు 25, శుక్రవారం

పేకాట లేదు.

అక్టోబరు 27, ఆదివారం

జగన్ ఫోన్. గోపీ వాడి ఫోన్ కూడా ఎత్తడం లేదట. "నువ్వు చెప్పినవ్ గదా, నేనూ చెప్పిన అనుకుంటున్నడేమో. నేనేం చెప్పలేదని జర చెప్పన్నా" అన్నాడు. వాణ్ణి తిడదామనుకున్నాను. తిడితే ఫోన్ చేసేవాడు ఒక్కడూ మిగలడు.

మంచి పని చేశాను. ఎవరైనా అదే చేస్తారు. మంచి పనే.

రెండుసార్లు ఫోన్ తీసి గోపీ పేరు దాకా వెళ్ళి ఆగాను. వాడు ఎత్తకపోతే ఒక బాధ, ఎత్తితే ఇంకో బాధ. చెవి మిషన్ బ్యాటరీ మార్చాను, ఒకవేళ మోగింది వినపడలేదేమోనని.

అక్టోబరు 29, మంగళవారం

పొద్దున గోపీ ఫోన్ చేశాడు. "హెయిర్‌కట్‌కి వెళ్ళాలి. ఎప్పుడొస్తావ్?" అన్నాడు.

పదింటికి వెళ్ళాను. గుమ్మంలోనే ఉన్నాడు. నేనే నడిపాను, వాడు పక్క సీట్లో కూర్చున్నాడు. ఒక చోట సిగ్నల్ పచ్చబడింది, పోనియ్ అన్నాడు. షాపులో జనం ఉన్నారు, కాసేపు కూర్చున్నాం. వెనక వైపు కొంచెం ఎక్కువ తీసేశారు. ఇంటి దగ్గర దింపి వచ్చాను.